విశాఖలో అద్దెకుండేవారు సర్కారు ఇంటి కోసం: ముందు రికార్డు సరిచేసుకోండి, తర్వాత దరఖాస్తు పెట్టండి

గాజువాకలో రేకుల గదికి అద్దె కడుతూ, "సర్కారు తక్కువ అద్దెకు ఇళ్లిస్తుందట, ఎక్కడ అప్లై చేయాలి?" అని అడిగేవారికి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మన దగ్గర పేదల ఇంటికి ప్రభుత్వం ఇచ్చే సాయంలో పెద్ద వాటా సొంతింటికే పోతుంది. అద్దెకు అందే సాయం చాలా తక్కువ, అదీ కొందరికే. కాబట్టి ఏ ఆఫీసుకు వెళ్లాలన్న ప్రశ్నకంటే ముందు, మీరు ఏ దారికి సరిపోతారో తేల్చుకోవాలి.

ఉద్యోగం చేసే ఒంటరి మహిళకు సఖీ నివాస్ హాస్టల్ ఉంది. ఊళ్లో సెంటు స్థలం కూడా లేని కుటుంబానికి ఇంటి పట్టా, లేదా పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ కట్టించిన టిడ్కో ఫ్లాటు దారి. సొంత స్థలం ఉండి కట్టుకోలేని వారికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2.0 కింద కట్టుబడికి డబ్బు వస్తుంది. నెల జీతం వస్తూ బ్యాంకు అప్పు పుట్టేవారికి అదే పథకంలో వడ్డీ రాయితీ ఉంది. వలస కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, నిరాశ్రయుల కోసం అద్దె ఇళ్ల భాగం కూడా పథకంలో ఉంది. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను మరమ్మతు చేసి అద్దెకివ్వడం ఒక పద్ధతి, సంస్థలే కొత్తగా కట్టి నడపడం మరో పద్ధతి. ఆ ఇళ్లు నడిపే సంస్థ చేతిలోనే కేటాయింపు ఉంటుంది కాబట్టి దువ్వాడ సెజ్‌లోనో పరవాడ ఫార్మా సిటీలోనో పనిచేసేవారు తమ కంపెనీ హెచ్ఆర్‌నే నేరుగా అడగడం మంచిది. దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి, మిగతా దారులూ పట్టండి.

దారి ఏదైనా సరే, ఫైలు ఎక్కువసార్లు ఆగేది కలెక్టరేట్‌లో కాదు, నగరపాలక సంస్థ జీవీఎంసీలోనూ కాదు. మీ పేరు మీద సచివాలయం కంప్యూటర్లో ఉన్న రికార్డు దగ్గరే ఆగుతుంది. అద్దెకుండేవారికి ఈ బెడద మరీ ఎక్కువ. ఇల్లు మారినప్పుడల్లా రికార్డులు మారవు. పాత చిరునామా, పాత మీటరు, పాత ఊరు వెంటే వస్తుంటాయి.

ముందుగా హౌస్‌హోల్డ్ మ్యాపింగ్

మీ ఇంట్లో ఎవరెవరు, ఏ సచివాలయం కింద ఉన్నారో చూపే నమోదునే మ్యాపింగ్ అంటారు. మీ వార్డు సచివాలయానికి ఇంట్లో అందరి ఆధార్ కార్డులతో వెళ్లి, "మా కుటుంబం మ్యాపింగ్ ఎక్కడ చూపిస్తోంది, అందులో ఎవరెవరు ఉన్నారు?" అని అడగండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన చాలా కుటుంబాలు పదేళ్లుగా మల్కాపురంలోనో కంచరపాలెంలోనో ఉంటున్నా, రికార్డులో మాత్రం సొంతూళ్లోనే ఉంటాయి. ఊళ్లో మ్యాపై ఉన్నవారి దరఖాస్తు జీవీఎంసీ వార్డులో ముందుకు కదలదు. మ్యాపింగ్‌ను ఇక్కడికి మార్చుకోవాలంటే వేలిముద్రలు వేయాలి, ఇక్కడి చిరునామాకు రుజువు చూపాలి.

అయితే తొందరపడి మార్చేసుకోవద్దు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు కూడా అదే కుటుంబంలో నమోదై ఉంటే వాళ్ల పింఛను, బియ్యం కార్డు మీద ఆ మార్పు పడొచ్చు. ముందు మీ భార్యాబిడ్డలతో వేరు కుటుంబంగా విడగొట్టించుకోండి. పెళ్లయినట్టు ధ్రువపత్రం చూపితే విభజన సులువవుతుంది. అది లేనివారు అసలు పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఈ విభజన ఇంటి దరఖాస్తుకు ఎందుకు ప్రాణమో చెప్పుకోవాలి. ఆవాస్ యోజనలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. అంతే. ఆ కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. పెళ్లయిన కొడుకుకు ఊళ్లో తండ్రి పేరున ఉన్న ఇల్లు ఈ నిర్వచనం ప్రకారం అడ్డం కాదు. కానీ తండ్రీకొడుకులు రికార్డులో ఒకే కుటుంబంగా ఉంటే, తండ్రి ఎప్పుడో తీసుకున్న ఇందిరమ్మ ఇల్లు కొడుకు ఖాతాలో కనబడుతుంది, దరఖాస్తు అక్కడితో సరి. తప్పు అర్హతలో లేదు, మ్యాపింగ్‌లో ఉంది.

ఆరంచెల పరిశీలన

రెండో అడుగుగా మీ కుటుంబానికి ఆరంచెల పరిశీలనలో, అంటే మీ ఆదాయం, ఆస్తుల్ని ప్రభుత్వ రికార్డులతో సరిచూసే పరీక్షలో, ఏం చూపిస్తోందో అదే సచివాలయంలో తెరిచి చూపించమనండి. బియ్యం కార్డుకు పెట్టిన కొలతలివి: పట్టణంలో నెలాదాయం 12,000 రూపాయలు మించకూడదు, భూమి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు, కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లలోపు ఉండాలి, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు, పట్టణంలో వెయ్యి చదరపు అడుగులకు మించిన కట్టడం ఉండకూడదు. ఇంటి పట్టాకు బియ్యం కార్డే ఆధారం కాబట్టి ఇక్కడ పడిన ఎర్ర గుర్తు అక్కడి దాకా వెళ్తుంది.

అద్దెవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది కరెంటు మీటరు. నాలుగు పోర్షన్ల ఇంటికి ఓనరు ఒకే మీటరు పెట్టి, లోపల సబ్‌మీటర్లు బిగిస్తాడు. నాలుగు ఇళ్లూ కలిపి 300 యూనిట్లు దాటడం ఎంతసేపు! సర్వే రోజు ఇంట్లో ఉన్నవారి ఆధార్‌ను ఆ సర్వీసు నంబరుకు కలిపేసి ఉంటే, ఆ యూనిట్లన్నీ అద్దెవాడి లెక్కలో పడతాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా ఆధార్ ఆ మీటరును వదలదు. ఒకే మనిషి పేరు మీద మూడు మీటర్లు కనబడటం అలాగే జరుగుతుంది.

దీన్ని తీయించుకోవడానికి, సచివాలయంలో చూపించే సర్వీసు నంబర్లన్నీ రాసుకోండి. మీవి కానివాటిని గుర్తించి, ఆధార్ అనుసంధానం తొలగించమని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఆధార్ నకలు, ఇప్పటి అద్దె ఒప్పందం, వీలైతే ఆ మీటరు తనదేనని ఓనరు రాసిచ్చిన కాగితం జతచేయండి. పని అయ్యాక వాళ్లిచ్చే కాగితాన్ని తీసుకుని మళ్లీ సచివాలయానికి వెళ్లండి. రెండు చోట్లా మారితేనే మారినట్టు. వెంటనే దరఖాస్తు పెట్టేయకుండా, రికార్డులో కొత్త వివరాలు కనబడేదాకా ఆగండి.

మిగతావాటిలో తరచూ ఎదురయ్యేవి మూడు. అమ్మేసిన కారు ఆర్‌సీ ఇంకా మీ పేరునే ఉండటం ఒకటి. దీనికి రవాణా శాఖ ఆఫీసులో బదిలీ పూర్తిచేయించాలి. లోను కోసం ఎవరో సలహా చెబితే పన్ను లేకపోయినా రిటర్ను వేయడం రెండోది. పన్ను సున్నా అయినా రికార్డు మీ పేరును పన్ను కట్టేవారి జాబితాలో చూపే ప్రమాదముంది, అందుకని ఆ రిటర్ను కాపీ దగ్గర పెట్టుకోండి. పారిశుద్ధ్య పనిలోనో మరో ఔట్‌సోర్సింగ్ కొలువులోనో జీతం ప్రభుత్వ ఖాతా ద్వారా పడటం వల్ల ప్రభుత్వ ఉద్యోగిగా చూపించడం మూడోది. దానికి జీతం చీటీ, నియామక కాగితం చూపి అర్జీ పెట్టుకోవాలి.

చిరునామా రుజువు

ఆధార్‌లో విశాఖ చిరునామా లేనివారు ముందు అది మార్చుకోవాలి. అద్దె ఒప్పందం రాసివ్వడానికి ఓనర్లు జంకుతారు. రాసిస్తే ఇల్లు తమ చేతిలోంచి పోతుందన్న భయం, పన్ను పెరుగుతుందన్న అనుమానం. 11 నెలలకు రాసుకోండి అంటే చాలామంది దిగొస్తారు.  ఒప్పందంలో మీ పేరు, భార్య పేరు, డోర్ నంబరు, అద్దె, అడ్వాన్సు, కరెంటు సర్వీసు నంబరు ఉండాలి. ఆ సర్వీసు నంబరు ఓనరు పేరునే ఉందని ఒక్క వాక్యం చేర్పించండి. పైన చెప్పిన మీటరు తగాదాలో అదే పనికొస్తుంది. ఓనరు ససేమిరా అంటే కార్పొరేటర్ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఆధార్ సంస్థ నమూనా ఫారం మీద సంతకం, ముద్ర వేసి, ఫొటో అతికించి ఇచ్చే ధ్రువపత్రంతో చిరునామా మార్చుకోవచ్చు. అది మూడు నెలలే చెల్లుతుంది, తీసుకున్న వెంటనే వాడేయాలి.

మీరుండే చోటు జీవీఎంసీలో ఉందో లేదో కూడా చూసుకోండి. జిల్లాలు విడిపోయాక, 2022 ఏప్రిల్ నుంచి, పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. మర్రిపాలెంలో ఉన్నవాడికి పట్టణ పథకం, పంచాయతీలో గది తీసుకున్నవాడు తనకు వర్తించేది పట్టణ పథకమో గ్రామీణ పథకమో సచివాలయంలో అడిగి తేల్చుకోవాలి. ఫారాలు వేరు, ఆఫీసులు వేరు.

ఆవాస్ యోజన ఫారం

పథకం 2.0 మొదలైంది 2024 సెప్టెంబరు 1న. ఏడాదికి 3 లక్షల వరకు ఆదాయమున్నవారు మొదటి వర్గం, 3 నుంచి 6 లక్షలు రెండోది, 6 నుంచి 9 లక్షలు మూడోది. కట్టుబడి సాయం, ఫ్లాటు సాయం మొదటి వర్గానికే. వడ్డీ రాయితీ మూడింటికీ. పీఎంఏవైఎంఐఎస్ డాట్ జీవోవీ డాట్ ఇన్ సైటులోనైనా పెట్టుకోవచ్చు, సచివాలయంలోనైనా. ఫోన్లో చేసుకోగలిగినా సచివాలయం ద్వారా పెట్టడమే మేలు. ఎలాగూ పరిశీలనకు వచ్చేది వాళ్లే.

కావలసినవి: ఇంట్లో ప్రతి ఒక్కరి ఆధార్ నంబరు, ఆధార్‌తో కలిసి ఉన్న బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం అవసరమైతే అది, సొంత స్థలంలో కట్టుకునేవారికి స్థలం కాగితాలు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి, లేకపోతే ఓటీపీ రాదు, ఫారమే తెరుచుకోదు. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయంలో గానీ మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009 ద్వారా గానీ అడగవచ్చు.

సైటు మొదట అడిగేది రాష్ట్రం, వార్షికాదాయం, ఏ భాగం కింద కావాలి, పక్కా ఇల్లుందా, 20 ఏళ్లలో లబ్ధి పొందారా అన్నవి. ఇక్కడ భాగం తప్పుగా నొక్కడం మామూలు పొరపాటు. సొంత స్థలం లేనివారు "లబ్ధిదారు ఆధ్వర్యంలో నిర్మాణం" నొక్కితే స్థలం కాగితాల దగ్గర ఆగిపోతుంది. తర్వాత వచ్చే పేరు ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా, అన్నీ. ఇల్లు ఇంటి ఆడమనిషి పేరునో, దంపతులిద్దరి పేరునో వస్తుంది కాబట్టి దరఖాస్తు భార్య పేరుతో పెడితే తర్వాత తిప్పలుండవు.

వితంతువులు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్లు, ఎస్సీ ఎస్టీలు, మైనారిటీలకు ప్రాధాన్యం ఉంది. పారిశుద్ధ్య కార్మికులు, స్వనిధిలో నమోదైన వీధి వ్యాపారులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, భవన నిర్మాణ కార్మికుల మీద ప్రత్యేక దృష్టి పెట్టమని మార్గదర్శకాల్లోనే రాసుంది. పూర్ణా మార్కెట్ దగ్గర తోపుడుబండి నడిపేవారు స్వనిధి అప్పు కాగితాన్ని, మేస్త్రీ పనికి వెళ్లేవారు కార్మిక శాఖ కార్డును తప్పకుండా చూపించండి. అడగరు కదా అని ఊరుకుంటే మీ వరుస వెనక్కి పోతుంది.

సొంత స్థలం ఉన్నవారికి కేంద్రం, రాష్ట్రం కలిపి 2.5 లక్షలు, అదీ కట్టుబడి దశల్ని బట్టి విడతలుగా. మంజూరు రాకముందే, ఖాళీ స్థలం ఫొటో ఎక్కడ తీశారో తెలిపే గుర్తుతో (జియోట్యాగ్) నమోదు కాకముందే పునాది తవ్వకండి. మొదలైన ఇంటికి మొదటి దశ నిరూపించడం పెద్ద తలనొప్పి.

వడ్డీ రాయితీ లెక్క వేరు. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు మించకూడదు. మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల వరకు కాలపరిమితికి, 4 శాతం రాయితీ, మొత్తం 1.80 లక్షలు దాటదు, ఐదు వార్షిక విడతలుగా వస్తుంది. అంటే ఏడాదికి 36,000 దాకా. అప్పు 2024 సెప్టెంబరు 1 తర్వాత మంజూరై, విడుదలై ఉండాలి. పెందుర్తి, కూర్మన్నపాలెం వైపు చిన్న ఫ్లాటు చూసుకుంటున్నవారికి ఇది ఉపయోగమే. కానీ ఈఎంఐ ఇప్పటి అద్దెకు ఒకటిన్నర రెట్లు దాటుతుంటే ఈ రాయితీని చూసి దిగకపోవడమే మంచిది.

పట్టా, టిడ్కో

ఇళ్లస్థలాల విషయంలో 2025 జనవరిలో రాష్ట్రం తెచ్చిన విధానం ప్రకారం పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు. రెండు సెంట్లంటే దాదాపు 97 గజాలు. బియ్యం కార్డు ఉండాలి, రాష్ట్రంలో ఎక్కడా ఇల్లు గానీ స్థలం గానీ ఉండకూడదు, ఇంతకుముందు పట్టా పొంది ఉండకూడదు, భూమి మెట్ట 5 ఎకరాలు, మాగాణి 2.5 ఎకరాలు దాటకూడదు. పట్టా ఇచ్చాక రెండేళ్లలో ఇల్లు కట్టాలి, పదేళ్లకు పూర్తి హక్కు వస్తుంది. నగరంలో భూమి దొరకని చోట ఫ్లాటు ఇవ్వవచ్చని కూడా ఉంది. విశాఖలాంటి చోట పంచడానికి భూమి ఎంతుంటుందో అందరికీ తెలిసిందే, అందుకే ఈ చివరి మాటను మర్చిపోకండి. అర్హుల జాబితా సచివాలయంలో అతికించినప్పుడు వెళ్లి పేరు చూసుకోండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు చిన్నది.

టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో ఉన్నాయి. ఇప్పటికే కట్టినవాటికి లబ్ధిదారుల జాబితాలు ఎప్పుడో తయారయ్యాయి కాబట్టి కొత్తవారికి చోటు దొరికేది అనర్హుల పేర్లు తీసేసినప్పుడే. ఆసీల్‌మెట్ట దగ్గర తెన్నేటి భవన్‌లోని జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో పట్టణ సామాజిక అభివృద్ధి (యూసీడీ) విభాగం ఈ జాబితాలు చూస్తుంది. ఖాళీలున్నాయా అని నోటితో అడిగి రావద్దు, అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. 365, 430 అడుగుల వాటికి లబ్ధిదారు వాటాతో పాటు బ్యాంకు అప్పు కూడా ఉంటుంది. నెలవారీ వాయిదా కట్టగలమో లేదో ఒప్పుకునే ముందే చూసుకోవాలి. కట్టలేక ఆగిపోతే బ్యాంకు నోటీసులు వస్తాయి.

సఖీ నివాస్

అద్దెలో నేరుగా తగ్గింపు దొరికే ఏకైక స్పష్టమైన దారి ఇదే. ఒంటరి మహిళలకు, వితంతువులకు, విడాకులు తీసుకున్నవారికి, భర్త వేరే ఊళ్లో ఉన్నవారికి కూడా వర్తిస్తుంది. జీతం పరిమితి మెట్రో నగరాల్లో నెలకు 50,000, మిగతా చోట్ల 35,000. అద్దెను మొత్తం జీతంలో ఇంత శాతమని లెక్కిస్తారు: ఒక్కరి గదికి 15 శాతం, ఇద్దరి గదికి 10, డార్మిటరీలో 7.5 శాతం మించకూడదు. 20,000 జీతమైతే వరుసగా 3,000, 2,000, 1,500. భోజనం ఖర్చు వేరు. జీతం చీటీ, ఉద్యోగం చేస్తున్నట్టు కంపెనీ లేఖ, ఆధార్, స్థానిక సంరక్షకుల వివరాలతో మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో ఏ హాస్టల్లో మంచం ఖాళీ ఉందో అడగండి. బట్టల షాపులో, ఆసుపత్రిలో నగదు జీతం తీసుకునేవారు యజమాని చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. తెల్లకాగితం చెల్లదు.

దళారీలు, కొనుగోళ్లు

"టిడ్కో ఫ్లాటు అద్దెకు, అడ్వాన్సు లక్ష" అని ఎవరైనా చెబితే దూరంగా ఉండండి. కేటాయించిన కుటుంబమే అందులో ఉండాలి, తనిఖీ వస్తే ఖాళీ చేయాల్సింది మీరే, అడ్వాన్సు తిరిగి రాదు. స్టాంపు పేపరు మీద డి-పట్టా స్థలం, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన స్థలం, కొనడం అంతకంటే ప్రమాదం. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం, పూర్తి హక్కు రాకముందు చేసిన ఆ అమ్మకం చెల్లదు. అంతేకాదు, ఆ స్థలం మీ చేతిలో ఉన్నట్టు తేలితే సొంత పట్టా అవకాశమూ పోతుంది. జాబితాలో పేరు పెట్టిస్తామని డబ్బడిగితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064.

తిరస్కరిస్తే

"రిజెక్ట్ అయింది" అన్న మాటతో బయటికి రావద్దు. ఏ కారణమో రాతపూర్వకంగా తీసుకోండి. కారణాన్ని బట్టి వెళ్లాల్సిన చోటు మారుతుంది: మీటరైతే ఈపీడీసీఎల్, భూమైతే తహసీల్దారు, బండైతే రవాణా శాఖ. అక్కడ సరిచేయించాక అదే సచివాలయంలో మళ్లీ పెట్టండి. రెండుసార్లు తిరిగినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. మహారాణిపేటలో ఉదయాన్నే వరుసలో నిలబడితే టోకెను త్వరగా దొరుకుతుంది. అర్జీ ఒక్క పేజీకి మించకూడదు: మొదటి వరుసలో దరఖాస్తు నంబరు, రెండో వరుసలో తిరస్కరణకు రాసిన కారణం, మూడో వరుసలో అది తప్పని చూపే కాగితం పేరు. కష్టాలన్నీ ఏకరువు పెట్టిన నాలుగు పేజీల అర్జీ తిరిగి సచివాలయానికే వెళ్లి, "పరిశీలించాము" అన్న జవాబుతో ముగిసిపోతుంది. అర్జీకి నంబరు ఇచ్చాక 1100కు ఫోన్ చేసి అది ఎక్కడుందో తెలుసుకోవచ్చు. మీ సంతృప్తి అడగకుండానే మూసేస్తే, అదే నంబరుకు చెప్పి మళ్లీ తెరిపించమనండి.